19వ శతాబ్దపు అమెరికన్ సెటిలర్ కుటుంబ చరిత్ర వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని చాలా తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడు వంశవృక్షం ఒక వైపు తెనాలికో జగిత్యాలకో పోతుంటే, అల్లుడి వైపో కోడలి వైపో నెబ్రాస్కాలోనో అయోవాలోనో తేలుతోంది. మనవలకు స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టు ఇచ్చినప్పుడు మన వైపు కొమ్మ తాతగారిని అడిగితే నిండిపోతుంది. రెండో వైపు మాత్రం "ఎవరో ముత్తాత గుర్రబ్బండిలో వచ్చి పొలం చేసుకున్నాడట" దగ్గర ఆగిపోతుంది. ఆ ముత్తాత ఎవరో తేల్చుకోవాలనుకునేవాళ్ళ కోసం ఈ పేజీ.

ఉదాహరణ కావలసిన చోట డేనియల్ ఫ్రీమన్ అనే నెబ్రాస్కా రైతును తీసుకున్నాను. కాపురముండి సాగు చేసుకునేవాళ్ళకు ప్రభుత్వ భూమి ఇచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం కింద తొలి దరఖాస్తుదారుగా చరిత్రకెక్కినవాడు ఆయన. ఆయన కాగితాలు ఎవరైనా చూడొచ్చు కాబట్టి నేను చెప్పేది మీరే సరిచూసుకోవచ్చు.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

బతికున్న పెద్దవాళ్ళ దగ్గర. వియ్యపురాలి తల్లిగారు ఉంటే ముందు ఆవిడకు ఫోన్ చేయించండి. పాత ఇళ్ళల్లో పెద్ద సైజు బైబిలు ఒకటి ఉంటుంది. దాని మధ్య పేజీల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు చేత్తో రాసి ఉంచేవారు. ఆ పేజీలతో పాటు బైబిలు అచ్చయిన సంవత్సరం ఉన్న పేజీని కూడా ఫోటో తీసుకోండి. బైబిలు 1880లో అచ్చయి, అందులో 1840 నాటి పుట్టుకలు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే, అవి ఎవరో తర్వాత గుర్తున్నంత వరకు రాసినవని అర్థం.

అక్కడి నుంచి ఒక్కో తరం వెనక్కి నడవండి. ఎక్కువమంది చేసే పని దీనికి తలకిందులు. ఓడ దిగిన మనిషిని ముందు పట్టుకుని, అక్కడి నుంచి కిందికి రావాలని చూస్తారు. అదే పేరుతో నలుగురు దొరికితే వాళ్ళలో మనవాడెవరో తేల్చే ఆధారం ఉండదు.

పేరు తెలుసు, ఇంటిపేరు తెలుసు. సరిపోదా?

సరిపోదు. జాన్ మిల్లర్లు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నారు. పైగా ఆ రోజుల్లో గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు. ఒకే మనిషి ఇంటిపేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా కనిపించడం మామూలే.

కావలసింది కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు. పెళ్ళి లైసెన్సు, భూమి రిజిస్ట్రేషను, వీలునామా, కోర్టు తగాదా చాలా రాష్ట్రాల్లో కౌంటీ కోర్ట్‌హౌస్‌లోనే నమోదయ్యేవి. అయితే కౌంటీల సరిహద్దులు మారుతూ వచ్చాయి. మనిషి ఇల్లు కదలకపోయినా కౌంటీ మారి ఉండొచ్చు. చికాగోలోని న్యూబెరీ లైబ్రరీ ఏ తేదీకి ఏ కౌంటీ ఎక్కడి వరకు ఉండేదో చూపే అట్లాసు తయారుచేసింది. ఇంకో సంగతి: పాత పత్రాల్లో సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులని అనుకోకండి. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాణ్ణి, చిన్నవాణ్ణి అలా పిలిచేవారు. వాళ్ళకు చుట్టరికమే ఉండనక్కర్లేదు.

నన్నడిగితే పేరు వెంట పడటం కంటే భూమి వెంట పడటం మేలు. మనుషుల పేర్లు కలుస్తాయి, భూమి హద్దులు కలవవు. దాని గురించి కిందే వివరంగా రాశాను.

జనాభా లెక్కల్లో ఏం దొరుకుతుంది?

అమెరికాలో 1790 నుంచి పదేళ్ళకోసారి సెన్సస్ జరుగుతోంది. 1840 వరకు ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసి, మిగతావాళ్ళను వయసుల వారీగా అంకెల్లో చూపించారు. 1850లో మొదటిసారి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం లేదా దేశం రాశారు. మీ వెతుకులాటకు అసలైన గట్టి నేల అక్కడ మొదలవుతుంది.

కానీ 1850, 1860, 1870 జాబితాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. ఒకే ఇంట్లో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, అయిదుగురు పిల్లలు కనిపిస్తే భార్యాభర్తలు, బిడ్డలు అని మనమే అనేసుకుంటాం. ఆవిడ రెండో భార్య కావచ్చు, చెల్లెలు కావచ్చు, పిల్లల్లో ఇద్దరు అన్న కొడుకులు కావచ్చు. చుట్టరికం కాలమ్ 1880లో వచ్చింది. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారన్నదీ ఆ ఏడాదే చేర్చారు. 1900 జాబితా ఇంకా మెరుగు. పుట్టిన నెల, సంవత్సరం, పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పిల్లల్ని కన్నారు, అందులో ఎంతమంది బతికున్నారు, ఏ ఏడాది ఈ దేశానికి వచ్చారు అని అడిగారు. "ఎనిమిది మందిని కన్నది, అయిదుగురు మిగిలారు" అని కనిపిస్తే ఆ ముగ్గురి కోసం శ్మశానాలు, చర్చి రిజిస్టర్లు వెతకాలి.

వయసులను మరీ నమ్మకండి. సమాధానం చెప్పింది ఎవరో మనకు తెలియదు. ఇంటావిడ చెప్పిందో, పక్కింటివాళ్ళు చెప్పారో, పదేళ్ళ పిల్లవాడు చెప్పాడో! పదేళ్ళలో ఏడేళ్ళే పెరిగిన ఆడవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు.

1890 జాబితా ఎందుకు దొరకడం లేదు?

కాలిపోయింది. 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో మంటలు రేగి కొంత కాలింది, ఆర్పడానికి పోసిన నీళ్ళకు కొంత తడిసింది. మిగిలిందాన్ని తర్వాత ప్రభుత్వమే పారేయించింది. మొత్తం దేశంలో ఆరు వేల చిల్లర పేర్లే మిగిలాయి. సరిగ్గా పడమటికి వలసలు జోరుగా ఉన్న కాలం అది. 1880లో అయిదేళ్ళ పిల్ల 1900 నాటికి పెళ్ళయి ఇంటిపేరు మారి ఎక్కడో తేలుతుంది. మధ్యలో ఇరవై ఏళ్ళ ఖాళీ.

ఆ ఖాళీని పూడ్చేవి రాష్ట్రాల సొంత లెక్కలు. నెబ్రాస్కా, డకోటా, కొలరాడో వంటి చోట్ల 1885లో లెక్క తీశారు. కాన్సాస్, అయోవా, మిన్నెసోటాల్లో కూడా మధ్యమధ్యలో సొంత లెక్కలు ఉన్నాయి. కాన్సాస్ వాళ్ళయితే "ఇక్కడికి ఏ రాష్ట్రం నుంచి వచ్చావు?" అని కూడా అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఒక తరం వెనక్కి వెళ్ళినట్టే.

భూమి కాగితాలు చూడమంటున్నారు. అవి ఎలా పనికొస్తాయి?

1862 మే 20న లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 21 ఏళ్ళు నిండినవాళ్ళు గానీ ఇంటి యజమాని గానీ, అమెరికా పౌరులైనా, పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించినవాళ్ళయినా 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేసినట్టు రుజువు చేస్తే పట్టా చేతికొస్తుంది. మొత్తం మీద 16 లక్షల పైచిలుకు పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇలా పంచారు. మీరు వెతికే సెటిలర్ ఇందులో ఉండే అవకాశం బాగానే ఉంది.

ఇక్కడ ముఖ్యమైన మాట "రుజువు". అయిదేళ్ళయ్యాక రైతు ప్రభుత్వ భూముల వ్యవహారం చూసే ల్యాండ్ ఆఫీసుకు వెళ్ళి, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని ప్రమాణం చేసి చెప్పాలి: ఎప్పుడు వచ్చాను, ఎలాంటి ఇల్లు కట్టాను, ఎన్ని ఎకరాలు దున్నాను, ఇంట్లో ఎంతమంది ఉన్నారు. ఆ వాంగ్మూలం ఫైల్లో ఉంటుంది. వేరే దేశంలో పుట్టినవాడైతే పౌరసత్వం కాగితం నకలు కూడా జత చేస్తారు. అందులో కోర్టు పేరు ఉంటుంది.

ఫ్రీమన్ ఫైలు చూడండి. నెబ్రాస్కాలోని గేజ్ కౌంటీలో, బియాట్రిస్ పట్నం దగ్గర ఆయన భూమి. 1868లో సాక్షులు చెప్పిన దాని ప్రకారం ఆయనకు భార్య, ఇద్దరు పిల్లలు. ఇల్లు 14 అడుగులకు 20 అడుగులు, సగం దుంగలు, సగం కోసిన చెక్క. చెక్క పెంకుల కప్పు, పలకల నేల. మన అపార్ట్‌మెంట్లలో మాస్టర్ బెడ్‌రూమ్ కంటే కాస్త పెద్దది, అంతే. గొర్రెల కోసం వేసిన షెడ్డు మాత్రం 100 అడుగుల పొడవు. ఒక పశువుల శాల, మొక్కజొన్న నిలవ చేసే గాదె. దున్నింది 35 ఎకరాలు. ఇవన్నీ ఒక ఎత్తు, చెట్లు ఒక ఎత్తు: 40 ఆపిల్ మొక్కలు, సుమారు 400 పీచ్ మొక్కలు నాటాడని రాశారు. చెట్టు లేని ఆ గడ్డి మైదానంలో నాలుగు వందల పీచ్ మొక్కలు పెట్టిన మనిషి అక్కడి నుంచి కదలదలుచుకోలేదని వేరే చెప్పాలా? సెన్సస్ కాగితం "రైతు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది.

సాక్షుల పేర్లు కూడా రాసుకోండి. వాళ్ళు ఇరుగుపొరుగువాళ్ళు, చాలాసార్లు బావమరుదులు, ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్ళు. మీ మనిషి సొంత ఊరు దొరకనప్పుడు సాక్షి సొంత ఊరు దొరుకుతుంది. రుజువుకు ముందు స్థానిక పత్రికలో నోటీసు వేయించే నియమం తర్వాత వచ్చింది. అందులో సాధారణంగా నలుగురు సాక్షుల పేర్లు ఉంటాయి. ఆ నోటీసులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల సైట్లో వెతికితే దొరుకుతున్నాయి.

అయిదేళ్ళ లోపే పట్టా వచ్చినట్టు కనిపిస్తే రెండు కారణాలు అనుమానించండి. ఎకరాకు డాలరు పావలా చొప్పున, అంటే 1.25 డాలర్లు కట్టి ముందుగానే కొనేసుకున్నాడేమో. లేదా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేశాడేమో. 1872 చట్టం ప్రకారం సైన్యంలో ఉన్న కాలాన్ని అయిదేళ్ళలోంచి తగ్గించుకోనిచ్చారు. ఈ రెండో కారణమే అయితే పెన్షన్ ఫైలు కోసం వెతకొచ్చు.

పట్టాలో సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ అని ఉంది. అదేమిటి?

అది సర్వే నంబరే. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ళకు ఆరు మైళ్ళ చదరం. దాన్ని 36 సెక్షన్లుగా కోశారు. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, అందులో పావు భాగం 160. నంబర్లు ఈశాన్య మూలలో 1తో మొదలై పడమటికి 6 వరకు వెళ్ళి, కింది వరసలో 7 నుంచి తూర్పుకు తిరుగుతాయి. అలా నాగలి చాలులాగా తిరిగి తిరిగి ఆగ్నేయ మూలలో 36తో ముగుస్తాయి.

160 ఎకరాలు ఎప్పుడూ చదరంగా ఉండాలని లేదు. ఫ్రీమన్‌ది సెక్షన్ 26, టౌన్‌షిప్ 4 నార్త్, రేంజ్ 5 ఈస్ట్. నలభై ఎకరాల ముక్కలు నాలుగు, కలిపితే తిరగేసిన ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. కబ్ క్రీక్ అనే వాగు ఆ పొలం గుండా పారుతుంది. మ్యాపు మీద గీసి చూస్తే రైతు బుర్ర ఎలా పనిచేసిందో అర్థమవుతుంది.

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్లో పట్టా బొమ్మ ఉచితంగా చూడొచ్చు. కానీ అది ఒక పేజీ మాత్రమే. అసలు ఫైలు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది. ల్యాండ్ ఆఫీస్ పేరు, ఫైనల్ సర్టిఫికెట్ నంబరు, భూమి వివరం రాసి, ఫీజు కట్టి తెప్పించుకోవాలి. నెబ్రాస్కా ఫైళ్ళను ఇప్పటికే స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు. చాలామంది పట్టా చూసుకుని మురిసిపోయి అక్కడితో ఆగిపోతారు. కుటుంబం ఉండేది ఫైల్లోనే.

ఆ సైట్లో పేరు లేదు. అంటే భూమి లేనట్టేనా?

అక్కర్లేదు. మిడతలకో, కరువుకో, అప్పులకో తట్టుకోలేక మధ్యలో వదిలేసి వెళ్ళినవాళ్ళకు పట్టా రాలేదు కాబట్టి ఆ సైట్లో కనపడరు. వాళ్ళ దరఖాస్తు ఫైళ్ళు కూడా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటికి దారి ట్రాక్ట్ బుక్స్. ఏ ముక్కకు ఎప్పుడు ఎవరు దరఖాస్తు పెట్టారో, ఎప్పుడు రద్దయిందో వరసగా రాసిన పెద్ద లెడ్జర్లు అవి. ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వంశవృక్ష సైట్లో వాటి పేజీలు చూడొచ్చు.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ముందున్న 13 రాష్ట్రాలు, కెంటకీ, టెనెసీ, మెయిన్, వెర్మాంట్, టెక్సస్ వంటి చోట్ల కేంద్ర ప్రభుత్వం భూమి పంచలేదు. అక్కడ రాష్ట్ర ఆర్కైవ్స్, కౌంటీ దస్తావేజులే దిక్కు. రైల్వే కంపెనీ దగ్గర కొనుక్కున్నా కౌంటీ దస్తావేజే చూడాలి. ఓరెగాన్‌కు వెళ్ళినవాళ్ళకు 1850 చట్టం వేరు: ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, పెళ్ళయితే 640, అందులో సగం భార్య పేరు మీద. ఎకరాల ఆశకు అక్కడ పెళ్ళిళ్ళు హడావుడిగా జరిగిపోయాయి. దాని పుణ్యమా అని ఆ ఫైళ్ళలో పెళ్ళి తేదీ, స్థలం దొరుకుతాయి.

కుటుంబంలో చెప్పుకునే కథను ఎంతవరకు నమ్మాలి?

పారేయకండి, అలాగని సాక్ష్యంగా పెట్టకండి. ఫ్రీమన్ గురించి చెప్పుకునే కథ ఒకటుంది. కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి బ్రౌన్‌విల్ ఊళ్ళో విందులో ల్యాండ్ ఆఫీస్ ఉద్యోగిని బతిమాలి, సైన్యానికి వెంటనే తిరిగి వెళ్ళాలని చెప్పి, అర్ధరాత్రి దాటగానే ఆఫీసు తెరిపించి మొదటి దరఖాస్తు పెట్టాడట. దరఖాస్తు నంబరు 1, తేదీ 1863 జనవరి 1 అన్నది కాగితం మీద ఉంది. విందు, బతిమాలడం, అర్ధరాత్రి అన్నవి నోటి మాట మీద వచ్చాయి. రెండింటినీ రాసుకోండి, వేర్వేరు రంగుల్లో.

ప్రతి కుటుంబంలోనూ వినిపించే కథలు మూడున్నాయి. "ముగ్గురు అన్నదమ్ములు ఓడ దిగారు, ఒకడు ఉత్తరానికి, ఒకడు దక్షిణానికి, ఒకడు పడమటికి వెళ్ళాడు" అన్నది మొదటిది. మూడు ఊళ్ళలో ఒకే ఇంటిపేరు కనపడితే వాళ్ళను కలపడానికి పుట్టిన కథ ఇది. రెండోది "మా ముత్తవ్వ చెరకీ అనే మూలవాసి తెగ రాకుమారి" అన్నది. చెరకీలలో రాకుమారి అనే హోదాయే లేదు. మూడోది "ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసరు మా ఇంటిపేరు మార్చేశాడు". న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసిన చోటు అది. అక్కడి ఆఫీసర్లు ఓడ కంపెనీ బయలుదేరే రేవులో తయారుచేసిన జాబితాను చూసి సరిపోల్చుకునేవారు, కొత్త పేర్లు పెట్టేవారు కాదు. పేరు మార్చుకున్నది ఎక్కువగా ఆ కుటుంబమే, ఇక్కడ కొన్నేళ్ళు బతికాక. అన్నిటికంటే, ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892 జనవరి 1న. 1868లో వచ్చినవాడు అక్కడ దిగే ప్రసక్తే లేదు.

భార్య పుట్టింటి పేరు ఎక్కడా లేదు. ఎలా?

ఇదే అందరినీ ఏడిపించే ప్రశ్న. పెళ్ళితో ఆవిడ పేరు మాయమై "మిసెస్ ఫలానా" మిగులుతుంది. పెళ్ళి రికార్డు దొరికితే అదృష్టం. దొరకకపోతే చుట్టూ తిరగాలి. సెన్సస్‌లో అదే పేజీలోనూ, ముందు వెనకల పేజీల్లోనూ ఉన్న కుటుంబాలను చూడండి, అత్తింటికి పుట్టిల్లు రెండు పొలాల దూరంలో ఉండటం సర్వసాధారణం. పిల్లల మధ్య పేర్లు చూడండి, తల్లి ఇంటిపేరును కొడుకు మధ్య పేరుగా పెట్టే అలవాటు ఉంది. ఇంట్లో ఉన్న ముసలాయన వేరే ఇంటిపేరుతో ఉంటే ఆయన ఆవిడ తండ్రి కావచ్చు. తండ్రి వీలునామాలో "నా కూతురు ఫలానా, ఫలానావాడి భార్య" అని ఉండొచ్చు. పిల్లల్లో 20వ శతాబ్దం వరకు బతికినవాళ్ళ మరణ ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి పేరు అడుగుతారు.

ఫ్రీమన్ భార్య ఆగ్నెస్ సూటర్ అయోవాలోని లెక్లెయిర్ ఊరి అమ్మాయి. ముందు ఫ్రీమన్ తమ్ముడితో ఆవిడ పెళ్ళి కుదిరిందని, అతను చనిపోయాక అన్నగారు ఉత్తరాలు రాసి ఒప్పించాడని చెబుతారు. పెళ్ళి జరిగింది అయోవాలో. పెళ్ళి కాగితం కోసం నెబ్రాస్కాలో ఎంత వెతికినా లాభం లేదన్నమాట. పెళ్ళి పెళ్ళికూతురి ఊళ్ళో జరగడం అక్కడా మామూలే.

ఇంకో మాట. పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు తమ పేరు మీదే హోమ్‌స్టెడ్ తీసుకోవచ్చు, తీసుకున్నారు కూడా. ముత్తవ్వ పేరుతో కూడా పట్టా వెతకడం మర్చిపోకండి.

సైన్యంలో చేశాడని విన్నాం. ఏం దొరుకుతుంది?

ఉత్తరాది సైన్యం అయితే పెన్షన్ ఫైలు బంగారం. వితంతువు పెన్షన్ అడిగితే పెళ్ళి జరిగినట్టు, పిల్లలు తనవాళ్ళేనని నిరూపించాలి. దాంతో పురోహితుడి ప్రమాణపత్రం, మంత్రసాని వాంగ్మూలం, బైబిలు నుంచి చింపిన పేజీ కూడా ఫైల్లో కలిసిపోయాయి. 1898లోనూ 1915లోనూ మాజీ సైనికులకు ప్రశ్నపత్రాలు పంపి భార్య పుట్టింటి పేరు, పెళ్ళి తేదీ, పిల్లల పుట్టిన తేదీలు రాయించారు. దక్షిణాది సైన్యంలో చేసినవాళ్ళకు కేంద్రం ఇవ్వలేదు, ఆయా రాష్ట్రాలే ఇచ్చాయి. కాబట్టి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

సముద్రం అవతల ఊరు పేరు ఎలా తెలుస్తుంది?

ఓడ జాబితా మీద ఆశ పెట్టుకోకండి. 1820 నుంచి జాబితాలు ఉన్నా చాలావాటిలో పేరు, వయసు, వృత్తి, దేశం వరకే. హాంబర్గ్ నుంచి బయలుదేరిన ఓడల జాబితాలు 1850 నుంచి మిగిలాయి, వాటిలో సొంత ఊరు ఉంటుంది. బ్రెమెన్ జాబితాలు మాత్రం చాలావరకు పోయాయి.

పౌరసత్వం కాగితాలు 1906 వరకు ఏ కోర్టులోనైనా వేసుకోవచ్చు. ఒక కోర్టులో ప్రకటన, అయిదేళ్ళకు వేరే రాష్ట్రంలో తుది పిటిషన్ అయి ఉండొచ్చు. అందులోనూ "జర్మనీ చక్రవర్తికి విధేయత వదులుకుంటున్నాను" అని తప్ప ఊరు రాయకపోవచ్చు. ఊరు పేరు దొరికేది ఎక్కువగా చర్చి రిజిస్టర్లో, సమాధి రాయి మీద, స్థానిక పత్రికలో వేసిన సంతాప వార్తలో. నార్వే వాళ్ళయితే తండ్రి పేరుకు "సన్" చేర్చి ఇంటిపేరు చేసుకునేవారు, తరం తరానికి అది మారిపోతుంది. పొలం పేరు కూడా తగిలించుకునేవారు. ఆ పొలం పేరే ఊరికి దారి. నార్వే జాతీయ ఆర్కైవ్స్ చర్చి పుస్తకాలను ఉచితంగా చూపిస్తోంది. ఐర్లండ్ వాళ్ళ సంగతే కష్టం. 1922లో డబ్లిన్‌లోని రికార్డ్ ఆఫీస్ తగలబడిపోయింది. 19వ శతాబ్దం మధ్యలో తయారైన గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అనే భూమి శిస్తు జాబితాతో సరిపెట్టుకోవాలి.

వాళ్ళు నల్లజాతి కుటుంబం. ఇవన్నీ వర్తిస్తాయా?

1870 సెన్సస్ నుంచి ఉన్నవి వర్తిస్తాయి. బానిసత్వం పోయాక అందరి పేర్లూ రాసిన మొదటి సెన్సస్ అది. దానికి ముందు 1850, 1860లలో బానిసల జాబితాలు ఉన్నాయి గానీ వాటిలో యజమాని పేరు కింద వయసు, ఆడ మగ, రంగు మాత్రమే ఉంటాయి. మనిషి పేరు ఉండదు. ఆ గోడ దాటడానికి విముక్తులైన బానిసలకు సాయం చేయడానికి ప్రభుత్వం 1865లో పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు, ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ ఖాతా దరఖాస్తులు ఉపయోగపడతాయి. ఆ దరఖాస్తుల్లో తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కొన్నిసార్లు పాత యజమాని పేరు కూడా అడిగి రాశారు. అక్కడి నుంచి యజమాని వీలునామాలు, ఆస్తి జాబితాలు చూడాలి. మనుషుల పేర్లు గుర్రాలు, కుర్చీల పక్కన విలువ కట్టి కనిపిస్తాయి. చదవడానికి సిద్ధపడే తెరవండి.

పడమటికి వెళ్ళి భూమి తీసుకున్న నల్లజాతివాళ్ళు చాలామందే. కెంటకీ నుంచి వచ్చినవాళ్ళు 1877లో కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరు కట్టుకున్నారు. వేరుశనగ పరిశోధనలతో పేరు తెచ్చుకున్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్ కూడా 1886లో కాన్సాస్‌లోని నెస్ కౌంటీలో హోమ్‌స్టెడ్ వేసి, గడ్డిమట్టి గడ్డలతో ఇల్లు కట్టుకుని కొన్నాళ్ళు ఉన్నవాడే. ఆయన ఇంటిపేరు ఆయన పుట్టిన పొలం యజమానిది. పుట్టిన తేదీ ఆయనకే తెలియదు.

ఆ భూమి అంతకుముందు ఎవరిది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అడగాల్సినవాళ్ళు ఎక్కువ. ఫ్రీమన్ పొలం ఉన్న గేజ్ కౌంటీ ప్రాంతం ఓటో-మిసూరియా అనే మూలవాసి ప్రజలది. 1854 ఒప్పందంతో వాళ్ళ భూములు చాలావరకు పోయి, బిగ్ బ్లూ నది పక్కన వాళ్ళకంటూ కేటాయించిన నేల (రిజర్వేషన్) ఒకటి మిగిలింది. ఫ్రీమన్ పీచ్ చెట్లు పెంచుతున్న కాలంలో వాళ్ళు అదే కౌంటీ దక్షిణాన ఉన్నారు. 1881లో అదీ వదిలించి ఇప్పటి ఓక్లహోమాకు పంపించారు. "ఖాళీ భూమి" అని కౌంటీ చరిత్ర పుస్తకాలు రాస్తాయి. కుటుంబ చరిత్ర రాసేటప్పుడు ఒప్పందం తేదీని, పట్టా తేదీని ఒకే పేజీలో పెడితే పిల్లలకు సంగతి అర్థమవుతుంది.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే అయిపోదా?

పరీక్ష పేర్లు చెప్పదు, బంధువులను చూపిస్తుంది. కాగితాలు లేకుండా ఆ బంధువులతో ఏం చేయాలో తెలియదు. చేయించేట్టయితే మనవడికి కాకుండా ఆ వైపు అందరికంటే పెద్దవాళ్ళకు చేయించండి. తరానికి సగం చొప్పున తగ్గిపోతుంది కాబట్టి ముత్తాత తాతగారి వాటా మనవడిలో మూడు శాతం చుట్టుపక్కలకు వచ్చేస్తుంది.

మన వైపు వాళ్ళు కూడా సరదాకి చేయించుకుంటే ఒక చిక్కు. మేనరికాలు తరతరాలుగా జరిగిన కుటుంబాల్లో దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. సైటు వేసే అంచనా చూసి టెన్షన్ పడొద్దు. ఒక హెచ్చరిక మాత్రం నిజమైనది: దత్తతలు, దాచిన పెళ్ళిళ్ళు బయటపడొచ్చు. పెద్దవాళ్ళకు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయించండి.

ఆన్‌లైన్లో ఎవరో చెట్టంతా పెట్టేశారు. దించుకోవచ్చా?

చూడండి, దించుకోకండి. ఒకరి తప్పును నలభై మంది కాపీ కొట్టాక అది నిజంలా కనిపిస్తుంది. తల్లి కంటే కొడుకు పెద్దవాడుగా ఉన్న చెట్లు కోకొల్లలు. ఒక్కో తేదీ కింద ఏ పత్రం చూపించారో చూడండి. ఇంకో చెట్టును ఆధారంగా చూపిస్తే అది ఆధారం కాదు. 1880ల నాటి కౌంటీ చరిత్ర పుస్తకాల్లో ఊరి పెద్దల జీవిత చరిత్రలు ఉంటాయి. చాలావాటిని చందాలు కట్టినవాళ్ళ కోసం, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అచ్చేశారు. తల్లిదండ్రుల పేర్ల వరకు పనికొస్తాయి, గొప్పల వరకు వద్దు.

డబ్బు ఎంత అవుతుంది? అక్కడికి వెళ్ళాలా?

మొదటి కొన్ని నెలలు పైసా ఖర్చు లేకుండా గడుస్తుంది. ఫ్యామిలీసెర్చ్ మార్మన్ చర్చి నడిపే సైటు, పూర్తిగా ఉచితం. భూమి పట్టాలు ఉచితం, సమాధుల ఫోటోలకు ఫైండ్ ఎ గ్రేవ్ ఉచితం. డబ్బు కట్టే సైట్లు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు మీద ఊరికే చూడనిస్తారేమో ముందు అడగండి. ఖర్చు పెట్టాల్సి వస్తే ఆర్కైవ్స్ ఫైలు మీద పెట్టండి.

కౌంటీ ఆఫీసుకు ఉత్తరమో ఈమెయిలో రాసేటప్పుడు వంశమంతా వివరించకండి. అక్కడి గుమాస్తాకు చదివే తీరిక ఉండదు. ఒక పేరు, ఒక రకం పత్రం, అయిదేళ్ళకు మించని కాలం అడగండి: "ఫలానా ఇంటిపేరున్న పెళ్ళికొడుకు, 1871 నుంచి 1875 మధ్య పెళ్ళి లైసెన్సు, సూచిక చూసి చెప్పగలరా?" ఇంటిపేరు రాసే విధాలు మూడు పక్కన ఇవ్వండి. లేదని జవాబొస్తే, ఆ కాలానికి ఆ భూమి పక్క కౌంటీలో ఉండేదేమో అట్లాసులో చూసి, అక్కడికి అదే ఉత్తరం పంపండి.